మా పిల్లలకు మేమే మార్కులు వేయం

2014 డిసెంబరు 2న ఐర్లండ్‌లో 700కు పైగా హైస్కూళ్లు తెరుచుకోలేదు. రెండు సంఘాలకు చెందిన దాదాపు 27 వేల మంది టీచర్లు ఆ రోజు సమ్మెలో ఉన్నారు. జీతాలు పెంచమని కాదు, బదిలీల గురించీ కాదు. పదిహేనేళ్ల వయసులో పిల్లలు రాసే జూనియర్ సర్టిఫికెట్ పరీక్షకు సొంత విద్యార్థులకు తామే మార్కులు వేయాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని ఒప్పుకునేది లేదని చెప్పడానికి బడి గేటు ముందు నిలబడ్డారు. ఏడు వారాల తర్వాత, 2015 జనవరి 22న, మళ్లీ ఒక రోజు బడులు మూతపడ్డాయి.

మార్కులు వేసే అధికారం చేతికిస్తామంటే టీచర్లు వద్దనడమేమిటి అనిపించవచ్చు. బడిలో టీచర్లే వేసే పదో తరగతి ఇంటర్నల్ మార్కులు ఒక జీవోతో పోయి మరో జీవోతో తిరిగివచ్చే మన దగ్గర ఆ ప్రశ్నను పట్టించుకోక తప్పదు.

అక్కడ జరిగింది ఇది. 2012 అక్టోబరులో అప్పటి విద్యామంత్రి రూరీ క్విన్ జూనియర్ సర్టిఫికెట్‌ను ఎత్తేసి, దాని స్థానంలో బడిలోనే, పాఠం చెప్పిన టీచరే మూల్యాంకనం చేసే పద్ధతి తెస్తామని ప్రకటించారు. ఉద్దేశం మంచిదే. ఏడాది చివర ఒక్క పరీక్ష కోసం బట్టీ పట్టే చదువు పిల్లలను నలిపేస్తోందని ఆయన అన్నారు. ఆ మాట కాదనే టీచరు అక్కడా లేరు, ఇక్కడా లేరు. టీచర్ల అభ్యంతరం వేరే చోట ఉంది. అక్కడ జవాబుపత్రం మీద పిల్లల పేరుండదు, నంబరే ఉంటుంది. దిద్దేది ప్రభుత్వ పరీక్షల కమిషన్ నియమించిన ఎవరో ఒక పరీక్షకుడు. మన స్పాట్ వాల్యుయేషన్‌లో బార్‌కోడ్ ఉన్న ఓఎమ్మార్ ముక్క చింపి పేపరు పంపినట్టే. పేరు తెలియదు కాబట్టే ఆ మార్కును ఊళ్లో అందరూ నమ్ముతారు.

ఐర్లండ్‌లో చాలా బడులు చిన్న ఊళ్లలో ఉంటాయి. టీచరు మందులు కొనే షాపు యజమాని కొడుకూ, పక్కింటావిడ కూతురూ, తోటి టీచరు పిల్లలూ ఆ క్లాసులోనే కూర్చుంటారు. పొద్దున పాఠం చెప్పి, సాయంత్రం బజారులో ఎదురయ్యే మనిషి ఆ పిల్లల సర్టిఫికెట్ మీద మార్కు వేస్తే, వేసిన ప్రతి మార్కుకూ సంజాయిషీ చెప్పుకోవాలి. తక్కువ వేస్తే పగ, ఎక్కువ వేస్తే అనుమానం. టీచరంటే పిల్లవాడి పక్షాన నిలబడే వకీలు, వాడి మీద తీర్పు చెప్పే జడ్జి కాదు అన్నది ఆ సంఘాల వాదన. మాకు అది న్యాయంగానే కనిపిస్తోంది.

క్విన్ తర్వాత వచ్చిన మంత్రి జాన్ ఓసలివన్ మధ్యేమార్గంగా 60 శాతం బయటి పరీక్షకు, 40 శాతం బడిలో టీచరు మూల్యాంకనానికి అన్నారు. 40 అయినా నాలుగైనా సూత్రం ఒకటేనని సంఘాలు తిరస్కరించాయి. రెండు సమ్మెలూ ఆ ప్రతిపాదన వచ్చాకే జరిగాయి. చివరికి 2015 మేలో సంఘాల నాయకత్వాలతో ప్రభుత్వం ఒక ఒప్పందానికి వచ్చింది. టీచరు క్లాసులో పిల్లల పనిని చూస్తారు, ప్రాజెక్టులు చేయిస్తారు, ఏ స్థాయిలో ఉన్నారో నాలుగు మాటల్లో రాస్తారు. అది పిల్లల ప్రగతి పత్రంలో విడిగా ఉంటుంది. ప్రభుత్వ పరీక్ష మార్కులో మాత్రం కలవదు. ఆ పని ఆధారంగా పిల్లలు రాసే ఒక చిన్న రాత పరీక్ష కమిషన్‌కు వెళ్లాలని అప్పుడు అనుకున్నారు.

ఇప్పుడు మన సంగతి. తెలంగాణలో 2014-15 నుంచి పదో తరగతిలో ప్రతి సబ్జెక్టుకూ 20 మార్కులు ఇంటర్నల్స్. ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారిలో వెళ్లి, 2019లో వాటిని ఎత్తేసింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు చివర్లో, విద్యా సంవత్సరం సగం దాటాక, ఈ ఏడాది నుంచే ఇంటర్నల్స్ రద్దు అని ఉత్తర్వు ఇచ్చింది. మర్నాడే సవరించుకుని, ఈ ఏడాదికి పాత పద్ధతే, 2025-26 నుంచి రద్దు అంది. 2025 ఆగస్టులో ఆ రద్దునూ వెనక్కి తీసుకుని, 80-20 కొనసాగుతుందని చెప్పింది. తొమ్మిది నెలల్లో మూడు మాటలు మారాయి.

ఆ నవంబరు రాత్రి ఒక సర్కారు బడి టీచరు బల్ల మీద ఏముందో ఊహించుకోండి. పిల్లల నోటు పుస్తకాల కట్టలు, ప్రాజెక్టు ఫైళ్లు, ఇంటర్నల్ మార్కులకు ఆధారమైన ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) రిజిస్టరు. పిల్లల భాగస్వామ్యానికి 5, రాత పనికి 5, ప్రాజెక్టుకు 5, స్లిప్ టెస్టుకు 5 అని గళ్లు గీసి, ఒక్కో పిల్లవాడిని గుర్తు తెచ్చుకుంటూ నింపిన పేజీలు. వాటిలో రెండు ఎఫ్‌ఏలవి అప్పటికే అయిపోయాయి. ఇక వాటికి విలువ లేదని పొద్దున ఫోన్‌లో మెసేజ్ చూసి తెలుసుకున్నారు. మర్నాడు మళ్లీ ఉందని ఇంకో మెసేజ్.

ఇంటర్నల్స్ ఉండాలా వద్దా అన్నదానికి మన దగ్గరే పెద్ద రుజువు ఉంది. కొవిడ్ వల్ల 2021లో పరీక్షలు రద్దయినప్పుడు తెలంగాణలో ఎఫ్‌ఏ మార్కులే ఆధారంగా గ్రేడ్లు ఇచ్చారు. 5 లక్షల 21 వేల మందిలో 2 లక్షల 10 వేల మందికి పైగా పదికి పది జీపీఏ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు పరీక్ష రాసి ఆ జీపీఏ తెచ్చుకున్నవారు 10 వేలు కూడా లేరు. రెండేళ్లలో పిల్లల తెలివి ఇరవై రెట్లు పెరగలేదు. టీచర్లందరూ ఒక్కసారిగా నిజాయితీ వదిలేశారని అనడం కూడా అన్యాయం. బడి పేరు నిలబడాలి, అడ్మిషన్లు రావాలి, పిల్లవాడికి సీటు పోకూడదు అనే ఒత్తిళ్లన్నీ పెన్ను పట్టిన ఒక్క మనిషి మీద పడితే ఏం జరుగుతుందో ఆ అంకెలు చెబుతున్నాయి.

పరీక్షలు మామూలుగా జరిగే ఏడాదిలోనూ ఈ బాధ ఉంది. పిల్లవాడి పని చూసి మనస్సాక్షిగా 13 వేసిన సర్కారు బడి టీచరు తర్వాత ఏడుస్తుంది. రోడ్డవతలి ప్రైవేటు బడిలో క్లాసు మొత్తానికి 20కి 20 పడ్డాయని అప్పటికి తెలుస్తుంది. అక్కడ అలా వేస్తుంటే మన పిల్లలకు మనమే అన్యాయం చేసుకుంటామా అని హెడ్మాస్టరు అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. అధికారులు వచ్చి రికార్డులు తనిఖీ చేసినా, ప్రాజెక్టు ఫైలు ఉందో లేదో చూడగలరు తప్ప, అది పిల్లవాడు రాసిందో బజారులో కొన్నదో తేల్చలేరు. ఆ టీచరు ఒంటరిగా నిజాయితీగా ఉండాలని కోరడం వ్యవస్థ చేసే పని కాదు.

అందుకే మా అభిప్రాయం స్పష్టం. ఏడాది పొడవునా టీచరు గమనించి రాసే మాట విలువైనది, దాన్ని పారేయొద్దు. పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో మూడు గంటల పరీక్ష కంటే ఆ టీచరుకే బాగా తెలుసు. ఆ మాటను మెమోలో విడిగా ఇవ్వండి, మొత్తం మార్కుల్లో కలపకండి. ఐర్లండ్ టీచర్లు రెండు సమ్మెలు చేసి తెచ్చుకున్న పరిష్కారం ఇదే. ఐర్లండ్ ప్రభుత్వం 2022లో పై స్థాయి లీవింగ్ సర్టిఫికెట్‌లో మళ్లీ 40 శాతం టీచర్ల మూల్యాంకనం అంటే, సంఘాలు మళ్లీ కాదన్నాయి. మరుసటి ఏడాదే ఆ భాగాన్ని కూడా పరీక్షల కమిషనే దిద్దుతుందని ప్రభుత్వం మాట మార్చుకుంది.

అయితే ఐర్లండ్ కథలో మింగుడుపడని భాగం కూడా ఉంది. 2015 ఒప్పందం మీద ఆ సెప్టెంబరులో సభ్యుల ఓటింగ్ జరిగితే, ఒక సంఘంలో 69 శాతం మంది సరేనన్నారు, రెండో సంఘంలో 55 శాతం మంది వద్దన్నారు. 2014 డిసెంబరులో ఒకే గేటు ముందు నిలబడినవాళ్లు రెండు దారులయ్యారు. రెండు సంఘాల వాళ్లూ కలిసి పనిచేసే బడులు చాలా ఉన్నాయి. ఒక స్టాఫ్ రూములోనే ఒకరు కొత్త పద్ధతి ట్రైనింగ్‌కు వెళ్తే మరొకరు బహిష్కరించారు. ఒక ఊరి పిల్లలకు క్లాసు మూల్యాంకనం జరిగితే పక్క ఊరి పిల్లలకు జరగలేదు. 2017లో కొత్త పద్ధతి ఇంగ్లీషు పరీక్ష దగ్గరపడినప్పుడు, బహిష్కరణ వల్ల ఆ చిన్న రాత పరీక్షకు ఉన్న 10 శాతం మార్కులు పోతాయేమోనన్న టెన్షన్ పిల్లలు అనుభవించారు. చివరికి ఆ ఏడాది జూన్‌లో రెండో సంఘం కూడా సహాయ నిరాకరణ విరమించింది. ఓటు వేసి కాదనే హక్కు సభ్యులకు ఉంది, దాన్ని తప్పుపట్టం. కానీ విడిపోయాక సాగిన రెండేళ్లలో కొత్తగా సాధించింది తక్కువ, పిల్లలు నలిగింది ఎక్కువ.

మన దగ్గర సంఘాలు రెండు కాదు, లెక్కకు మించి ఉన్నాయి. పీఆర్సీ, డీఏ, సీపీఎస్ లాంటి జీతం, పెన్షన్ విషయాల్లో అవి ఫ్యాప్టో, జాక్టో, యూఎస్‌పీసీ అంటూ వేదికలు కడతాయి, విజయవాడకో హైదరాబాద్‌కో కదులుతాయి. అది వాళ్ల హక్కు, ఆ డిమాండ్లలో న్యాయం ఉందని ఈ పత్రిక ఎన్నోసార్లు రాసింది. పరీక్షల విషయానికి వచ్చేసరికి మాత్రం ఒక్కో సంఘం ఒక్కో ప్రెస్ నోట్ ఇచ్చి ఊరుకుంటోంది. 11 పేపర్లు 6 అయినప్పుడు, ఇంటర్నల్స్ పోయి వచ్చినప్పుడు, బిట్ పేపరు ఎత్తేసినప్పుడు టీచర్ల తరఫున అందరూ కలిసి చెప్పిన మాట ఏదీ లేదు. చెప్పి ఉంటే తొమ్మిది నెలల్లో మూడుసార్లు మాట మార్చడం ఏ ప్రభుత్వానికైనా అంత తేలిక కాదు.

కాదనడానికి పద్ధతి కూడా ఉంది. ఐర్లండ్ సంఘాలు ఒక్కో రోజు సమ్మెనే ఎంచుకున్నాయి, అదీ డిసెంబరు, జనవరి నెలల్లో, పరీక్షలకు దూరంగా. మన దగ్గర స్పాట్ వాల్యుయేషన్ బహిష్కరిస్తామన్న హెచ్చరిక తరచుగా వినిపిస్తుంది. పిల్లలు రాసిన పేపర్లను పట్టుకుని బేరం ఆడటం మంచిది కాదు. పరీక్ష రాసి ఇంట్లో కూర్చున్న పిల్లవాడికి ఆ గొడవతో సంబంధం లేదు, వాడి ఫలితం ఆగితే ఆ ఉద్యమం తల్లిదండ్రుల మద్దతు పోగొట్టుకుంటుంది.

ఇక బడి అంటే టీచర్లు మాత్రమే కాదు. పదో తరగతి పరీక్షల వెనక ఎవరెవరున్నారో చూడండి. నామినల్ రోల్స్ తప్పుల్లేకుండా ఎక్కించే క్లర్కు, మండల కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటరు, పొద్దున్నే గదులు ఊడ్చి బల్లలు సర్దే ఆయా, రాత్రి కాపలా ఉండే వాచ్‌మన్, స్పెషల్ క్లాసులకు ఉండిపోయే పిల్లల కోసం కూడా పొయ్యి వెలిగించే వంటమ్మ. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వంటమ్మకు నెలకు ఇచ్చే గౌరవ వేతనం 3 వేల రూపాయలు. కొత్త పరీక్ష విధానం గురించి జరిగే ఏ సమావేశానికీ వీళ్లను పిలవరు. ఎవరైనా రోడ్డెక్కితే టీచర్లలో కొందరు అది తమ గొడవ కాదనుకుంటారు.

2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష పథకం కింద కాంట్రాక్టు మీద పనిచేసే 19 వేలకు పైగా ఉద్యోగులు సమ్మెకు దిగారు. కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో పాఠాలు చెప్పేది ఎక్కువగా వాళ్లే. రెగ్యులర్ టీచర్లతో సమానంగా పనిచేస్తూ సగం జీతం కూడా రానివాళ్లు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్నాయని చెప్పి అధికారులు చుట్టుపక్కల బడుల నుంచి రెగ్యులర్ టీచర్లను ఆ విద్యాలయాలకు పంపించారు. వెళ్లిన టీచర్ల మీద మేం రాయి వేయం. అమ్మానాన్నలకు దూరంగా హాస్టల్లో ఉన్న ఆడపిల్లలకు మ్యాథ్స్ చెప్పేవాళ్లు లేరంటే వెళ్లకుండా ఎలా ఉండగలరు? వాళ్లను ఆ ఇరకాటంలో పెట్టింది ప్రభుత్వం. అయినా గేటు దగ్గర టెంటు కింద కూర్చున్న మనిషి పక్కనుంచి నడిచి లోపలికి వెళ్లి, ఆమె కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో వెళ్లినవాళ్లకే తెలుసు. ఆ రోజే పెద్ద సంఘాలన్నీ కలిసి ఒక ఉమ్మడి మాట చెప్పి ఉండాల్సింది. సమ్మె పరిష్కరించండి, మా వాళ్లను మా వాళ్ల మీదకు పంపకండి అని.

2025 ఆగస్టు 28న, ఐర్లండ్‌లో కొత్త విద్యా సంవత్సరం మొదలవుతున్న రోజుల్లోనే, స్కూలు సెక్రటరీలు, కేర్‌టేకర్లు నిరవధిక సమ్మెకు దిగారు. ఫీజు రసీదుల నుంచి పిల్లల హాజరు దాకా చూసేది సెక్రటరీలే. టీచర్లకు ఉన్న పెన్షన్ తమకు లేదన్నది వాళ్ల బాధ. బడులు తెరిచారు, టీచర్లు పాఠాలు చెప్పారు. కానీ ఆ ఉద్యోగుల పని చేయవద్దని ఉపాధ్యాయ సంఘాలు తమ సభ్యులకు చెప్పాయి. ఆఫీసులో ఫోన్ మోగినా ఎత్తాల్సిన పని టీచర్లది కాదు. వారం తిరిగేసరికి పెన్షన్ మీద చర్చలకు ప్రభుత్వం ముందుకు వచ్చింది, సెక్రటరీలు తమ కుర్చీల్లోకి తిరిగొచ్చారు.