ఉప్పు పెరిగితే కాగ్‌ఎ పెరుగుతుంది
గుంటూరు కారం వల్లే కడుపులో అల్సర్లు వస్తాయన్నట్టు కొందరు రాశారు, నేను ఒప్పుకోను. హెలికోబాక్టర్ పైలోరి (అల్సర్లు తెచ్చే బ్యాక్టీరియా) ఉన్న కడుపుకి నా భయమంతా ఆవకాయలోని ఉప్పు గురించే. ల్యాబ్‌లో ఈ బ్యాక్టీరియాని పెంచే ద్రవం, మామూలు బ్రూసెల్లా బ్రాత్‌లో ఉప్పు 0.5 శాతం; దాన్ని 1 శాతం దాటిస్తే బ్యాక్టీరియాలో కాగ్‌ఎ ప్రొటీన్ ఎక్కువగా తయారవుతుంది, అన్ని స్ట్రెయిన్లలో (ఉపరకాల్లో) కాదు, కొన్నిట్లో. కడుపు క్యాన్సర్‌తో ముడిపడిన ప్రొటీన్ అది. ల్యాబ్‌లో పోల్చి చూసేవాళ్లు మాత్రం మామూలు ఉప్పు, ఎక్కువ ఉప్పు ఉన్న రెండు ఫ్లాస్కులకూ 37 డిగ్రీలు, 5 శాతం ఆక్సిజన్, 10 శాతం కార్బన్ డయాక్సైడ్ ఒకేలా ఇవ్వాలి, ఒకే ఓడీ (బ్యాక్టీరియా ఎంత పెరిగిందో చెప్పే మసక కొలత) దగ్గర సెల్స్ తీయాలి. ఒకదాన్ని ఎక్కువ రోజులు వదిలేస్తే వంకర కడ్డీల్లా ఉండే బ్యాక్టీరియా కాస్తా గుండ్రంగా మారిపోతాయి, ప్రొటీన్లన్నీ మారిపోతాయి. ఆ తేడా ఉప్పు ఖాతాలో పడుతుంది. యూరియేజ్ (ఈ బ్యాక్టీరియా ఎంజైమ్, పనిచేయాలంటే నికెల్ కావాలి) తగ్గిందా, ముందు మీడియంలో నికెల్ సరిపోయిందో లేదో చూడండి.