ఇరవై శాతం గారికి ఒక వృద్ధాశ్రమం కోశాధికారి రాసిన ఉత్తరం

మహారాజశ్రీ ఇరవై శాతం గారికి,

వృద్ధాశ్రమం కోశాధికారి నమస్కరించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం. మీరు మా లెక్కల పుస్తకంలోంచి లేచి వెళ్లి మూడు నెలలైంది కాబట్టి మరికాస్త క్షేమం.

మీరు మా కమిటీ మీటింగుకి విరాళాలు పోగుచేసిపెట్టే ఒక కన్సల్టెంటు గారి ల్యాప్‌టాప్‌లో కూర్చుని వచ్చారు. “విరాళం వస్తేనే మాకు ఇరవై శాతం. రాకపోతే పైసా ఇవ్వక్కర్లేదు” అని ఆయన అనగానే ప్రెసిడెంటు గారి మొహం చేటంత అయింది. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం కదా మేము. ఉన్నది 38 మంది ముసలివాళ్లు, పెట్టుకున్న టార్గెట్టు 2 కోట్లు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాబోయే రెండో అంతస్తుకి ఎవరి పేరు పెట్టాలా అని గంటసేపు కొట్టుకున్నాం.

“ఒప్పంద కాలంలో సంస్థకి అందిన ప్రతి విరాళం మీద” అని కాగితంలో ఒక లైను ఉంది. అది చదివింది నేనే. సంతకం పెట్టిందీ నేనే.

మా ఊళ్లో ఒక పెద్దావిడ ఉంది. పెన్షన్ పడిన మర్నాడు ఆటో దిగి, కొంగుముడి విప్పి 500 రూపాయలు ఇచ్చి, మజ్జిగ తాగి వెళ్తుంది. తొమ్మిదేళ్లుగా ఇదే వరస. మీరు వచ్చాక కూడా ఎవరూ అడక్కుండానే వచ్చింది. నెలాఖరు బిల్లులో ఆవిడ పేరుకి ఎదురుగా మీరు 100 రూపాయలు పట్టుకెళ్లారు. తర్వాతి నెల రసీదు రాస్తుంటే, “బాబూ, ఈ డబ్బుకి బియ్యం ఎన్ని కిలోలొస్తాయి?” అని అడిగింది. కార్బన్ కాయితం సర్దుకుంటూ తల వంచుకున్నాను.

ఇంకో సంగతి. ఆశ్రమం పెట్టిన మాస్టారి దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. దాతల పేర్లు, ఫోన్ నంబర్లు, మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో ఆయన రాతలు: “బియ్యం ఇస్తాడు, డబ్బు అడగొద్దు.” “తండ్రి తద్దినానికి వారం ముందు గుర్తుచేయాలి.” “కొడుకు పోయాడు. ఈ ఏడాది ఫోన్ చేయొద్దు.” మీ కన్సల్టెంటు గారి మనుషులు దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించారు. పేరుకి ఒక కాలమ్, నంబరుకి ఒక కాలమ్. మార్జిన్‌కి కాలమ్ లేదు. వారం తిరక్కుండా ఒకమ్మాయి ఆ కొడుకు పోయిన ఆయనకే ఫోన్ చేసి, “సార్, మీ పిల్లల పుట్టినరోజు మా ఆశ్రమంలో జరుపుకోండి” అంది. పాపం ఆ పిల్లనేం అంటాం, ఎదురుగా ఉన్న కాయితం చదివింది. మాస్టారూ నేనూ ఆయన ఇంటికి వెళ్లాం. కాఫీ ఇచ్చారు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అమెరికాలో ఉన్న మాస్టారి మేనల్లుడు 10 లక్షలు పంపుతానన్నప్పుడు మాత్రం మీ ఉత్సాహం చూడాలి. “మామూలు ఖాతాలోకే వేయించేయండి” అన్నారు మీవారు. భారత పౌరుడు అక్కడ సంపాదించి దాచుకున్న సొమ్ము బ్యాంకు ద్వారా పంపితే పేచీ లేదు. ఈ కుర్రాడు ఎప్పుడో అమెరికా పౌరుడైపోయాడు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. మాకు రెండూ లేవు. ఆడిటరు అడ్డం పడబట్టి బతికిపోయాం. వచ్చి ఉంటే మీ వాటా 2 లక్షలు. నాకు జైలు పడితే అందులోనూ ఇరవై శాతం పంచుకునేవారా?

అన్నట్టు, అమెరికాలో అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ అని ఈ పని చేసేవాళ్ల సంఘం ఒకటుందట. విరాళాల్లో శాతం పుచ్చుకోకూడదని దాని నియమావళి. ఆ గుమ్మం దగ్గర ఆపేస్తే మా గుమ్మం తొక్కారన్నమాట.

ఇప్పుడు మీ కన్సల్టెంటు గారి బదులు ఒక మేడమ్ గారు వస్తున్నారు. నెలకింత అని ఫీజు. వచ్చిన రోజే మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, సంస్థకి ఆదాయపు పన్ను మినహాయింపిచ్చే 12ఏ, దాతలకి పన్ను రాయితీ ఇచ్చే 80జీ కాయితాలు అడిగారు. సీఎస్ఆర్-1 ఫారం వేశారా అన్నారు. 2021 ఏప్రిల్ నుంచి, ఆ ఫారం వేస్తే వచ్చే నంబరు లేనిదే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ సొమ్ము మాలాంటి సంస్థకి రాదని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత, “కమిటీలో పదకొండు మంది ఉన్నారు కదా, ఈ ఏడాది ఎవరెంత ఇచ్చారు?” అన్నారు. కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

“దాతల ఇళ్లకి మీరే వెళ్లాలి, మీరే అడగాలి. ఎవర్ని ఎప్పుడు ఎంత అడగాలో నేను చెబుతాను. ఆరు నెలల దాకా డబ్బు కనపడకపోవచ్చు. దాతల లిస్టు మీది, నేను వెళ్లినా మీ దగ్గరే ఉండాలి.”

“అన్నీ మేమే చేస్తే మరి మీరెందుకమ్మా?” అన్నారు ప్రెసిడెంటు గారు. ఆవిడ జవాబు చెప్పకుండా మాస్టారి నోట్‌బుక్ తెరిచి మార్జిన్లు చదవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఎక్సెల్‌లో కొత్త కాలమ్ ఒకటి ఉంది: “అడగకూడనివి.” 2 కోట్లు కొట్టేసి 12 లక్షలు రాశాం. బాత్రూముల్లో పట్టుకోవడానికి కడ్డీలు, రాత్రిపూట ఒక నర్సు. రెండో అంతస్తు లేదు, దాంతో పేరు గొడవా లేదు. ఫీజుకి కమిటీవాళ్లం తలా ఇంత వేసుకుంటున్నాం. కొందరు మూలుగుతున్నారు, అందులో నేనూ ఒకణ్ని.

చివరగా ఒక మనవి. ఆ పెద్దావిడ సొమ్ములోంచి నెలకి 100 చొప్పున ఎనిమిది నెలలకి 800 రూపాయలు మీ దగ్గర ఉండిపోయాయి. విరాళంగా వెనక్కిస్తే రసీదు రాసిస్తాను. నగదు 2,000 దాటలేదు కాబట్టి 80జీ కూడా వర్తిస్తుంది, మీరు పాత పన్ను విధానాన్నే ఎంచుకుని ఉంటే.

ఇట్లు,
కోశాధికారి