సవరణ: మెర్జర్‌ఎఫ్‌ఎస్‌లో ఒక డిస్క్ నిండితే

మెర్జర్‌ఎఫ్‌ఎస్ అంటే విడివిడి డిస్కుల్ని కలిపి ఒకే ఫోల్డర్‌లా చూపించే ప్రోగ్రామ్. "మూడు డిస్కుల్ని మెర్జర్‌ఎఫ్‌ఎస్‌తో కలిపితే, ఒకటి నిండగానే కొత్త ఫైళ్లు వాటంతటవే పక్క డిస్క్‌లోకి వెళ్తాయి" అని పోయిన పోస్టులో రాశాను. అది అన్నిసార్లూ నిజం కాదు.

అది నమ్మి రాయగడలో ఫోటో స్టూడియో నడిపే ఒకాయన పెళ్లి ఫోటోలు ఎక్కిస్తుంటే, రెండు డిస్కులు ఖాళీగా ఉన్నా "స్థలం లేదు" అని వచ్చింది. పెళ్లిళ్ల సీజన్‌లో ఆయన పడ్డ టెన్షన్‌కు కారణం నా మాటే. క్షమించండి.

ఆయన సెటప్‌లో ఉన్న క్రియేట్ పాలసీ (కొత్త ఫైల్‌ను ఏ డిస్క్‌లో పెట్టాలో చెప్పే సెట్టింగ్) ఈపీఎంఎఫ్‌ఎస్. ఇది ఆ ఫోల్డర్ ముందే ఉన్న డిస్కుల్లోనే కొత్త ఫైల్‌ను పెడుతుంది. 'పెళ్లిళ్లు' ఫోల్డర్ ఒక్క డిస్క్‌లోనే ఉంది, అది నిండింది, మిగతా వాటి వైపు అది చూడదు. ఆ పాలసీని ఎంఎఫ్‌ఎస్‌గా మారిస్తే ఎక్కువ ఖాళీ ఉన్న డిస్క్‌ను ఎంచుకుని, కావలసిన ఫోల్డర్‌ను అక్కడ తనే సృష్టిస్తుంది. పాత ఫైళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

సోర్స్ నుంచి బిల్డ్ చేసుకునేవారికి: లిబ్‌ఫ్యూజ్ (ఇది నడవడానికి కావలసిన లైబ్రరీ) విడిగా పెట్టుకోవాలని పోయిన పోస్టులో అన్నాను, అక్కర్లేదు, సోర్స్‌లోనే కలిపి ఇస్తారు.

ఇంకొకటి, ఇది ఒక డిస్క్ పోయినా డేటాను కాపాడే రెయిడ్ కాదు. డిస్క్ పోతే అందులోని ఫైళ్లు పోతాయి. బ్యాకప్ విడిగా ఉంచుకోండి.