ముందు గోడ చూడండి, ప్రొజెక్టర్ తర్వాత

చిన్న హాల్లో ప్రొజెక్టర్ పెట్టుకోవాలనుకునేవాళ్ళు చాలామంది పనిని చివర్నుంచి మొదలుపెడతారు. ల్యూమెన్లు (వెలుగు కొలత), రిజల్యూషన్, రివ్యూలు అన్నీ చూసి చూసి ముందు ప్రొజెక్టర్ కొంటారు. అది ఇంటికొచ్చాక తెర సంగతి గుర్తొస్తుంది. మిగిలిన డబ్బుతో దొరికినంత పెద్ద తెర తెచ్చి ఖాళీగా ఉన్న గోడకి తగిలించేస్తారు. ఈ వరస మారాలని నా గట్టి అభిప్రాయం. పెద్ద గదిలో అయితే అటూ ఇటూ జరిపి ఎలాగో సర్దుకోవచ్చు. చిన్న గదిలో సోఫా ఎక్కడుండాలో, కిటికీ వెలుగు ఎటునుంచి పడుతుందో ముందే ఖాయమైపోయి ఉంటాయి. వాటిని బట్టి తెర, తెరని బట్టి ప్రొజెక్టర్ ఎంచుకోవాలి.

సైజు దగ్గరే మొదలుపెడదాం, ఎక్కువమంది దెబ్బ తినేది అక్కడే. సోఫాలో కూర్చున్న మనిషి కళ్ళ నుంచి గోడ దాకా టేపుతో కొలవండి. ఆ దూరాన్ని 1.6తో భాగిస్తే వచ్చేది హాయిగా చూడగలిగే తెర మూల నుంచి మూలకి కొలత. 1.2తో భాగిస్తే వచ్చేది సినిమా హాల్లో ముందువైపు వరసల్లో కూర్చున్నట్టు కళ్ళ నిండా కనిపించే కొలత. 9 అడుగులంటే 108 అంగుళాలు. అంటే 67 నుంచి 90 అంగుళాల మధ్య ఏదైనా బాగుంటుంది. 10 అడుగులున్నా 100 అంగుళాలే పైహద్దు. 120 అంగుళాల తెర గురించి ఎవరు ఎంత ఊరించినా, ఇలాంటి గదిలో దాన్ని చూడాలంటే తల అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి.

పెద్ద తెరతో ఇంకో నష్టం వెలుగు. ప్రొజెక్టర్ ఇచ్చే వెలుగు ఎంతో అంతే, తెర పెరిగేకొద్దీ అది పలచబడిపోతుంది. 80 అంగుళాల నుంచి 120కి వెళ్తే వైశాల్యం రెండుంపావు రెట్లవుతుంది, అంటే బొమ్మ వెలుగు సగానికన్నా తగ్గిపోతుంది. కాస్త చిన్న తెర మీద సాధారణ ప్రొజెక్టర్ కూడా నిండుగా, రంగులు తేలినట్టు కనిపిస్తుంది.

నలుపు సంగతి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. ప్రొజెక్టర్ నలుపుని వెయ్యలేదు, వెలుగుని మాత్రమే వేస్తుంది. బొమ్మలో నల్లగా ఉండాల్సిన చోట మనకి కనిపించేది, గదిలోని వెలుతురు పడుతున్న తెర రంగు. తెల్ల తెర మీద ట్యూబ్‌లైటు పడుతుంటే రాత్రి సన్నివేశం బూడిద రంగులోకి దిగుతుంది. చిన్న గదిలో దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. తెర మీద పడ్డ వెలుగు తెల్లటి సీలింగుకి, దగ్గర్లోనే ఉన్న పక్కగోడలకి తగిలి మళ్ళీ తెర మీదికే వస్తుంది. లైట్లన్నీ ఆర్పినా నలుపు తేలిపోయి కనిపించడానికి ఒక కారణం ఇదే. అందుకే ఖరీదైన తెర మీద పెట్టాలనుకున్న డబ్బులో కొంత మందపాటి కర్టెన్ల మీద, తెరకి దగ్గరగా ఉన్న సీలింగుకీ పక్కగోడలకీ మెరుపు లేని ముదురు రంగు వెయ్యడం మీద పెట్టమంటాను. ఇంట్లోవాళ్ళు ముదురు రంగుకి ఒప్పుకోకపోతే, సినిమా చూసేటప్పుడు మాత్రం లాక్కునేలా ఒక కర్టెన్ పక్కగోడ మీదుగా వేసినా తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తెర గుడ్డ విషయంలో గెయిన్ అనే అంకె ఒకటి చెబుతారు. 1.0 అంటే మామూలు మ్యాట్ తెలుపు, వెలుగుని అన్ని వైపులకీ సమానంగా పంచుతుంది. అంకె పెరిగితే ఎదురుగా కూర్చున్నవాళ్ళకి వెలుగు ఎక్కువ, పక్కన కూర్చున్నవాళ్ళకి తక్కువ. పైగా మధ్యలో ఒక మెరుపు మచ్చ కనిపించవచ్చు. చిన్న గదిలో ఎవరో ఒకరు ఎప్పుడూ పక్కవారగానే కూర్చుంటారు కాబట్టి, చీకటి చేసుకోగలిగిన గదికి 1.0 దరిదాపుల్లో ఉన్న మ్యాట్ తెలుపే నా ఎంపిక. పగటిపూట కూడా చూడాలంటే గదిలోని వెలుతురుని తిప్పికొట్టే ఏఎల్ఆర్ రకం తెరలున్నాయి. కానీ వాటిలో ఏది ఏ ప్రొజెక్టర్‌కో తెలుసుకుని కొనాలి. గోడకి ఆనించినంత దగ్గరగా, బల్ల మీద పెట్టే అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్ల కోసం చేసిన తెరని దగ్గర్నుంచి చూస్తే అడ్డంగా రంపం పళ్ళలాంటి సన్నటి గాట్లుంటాయి. పైకి తిరిగిన వాలు నల్లగా ఉండి సీలింగు లైటుని మింగేస్తుంది, కిందికి తిరిగిన వాలు ప్రొజెక్టర్ వెలుగుని మనవైపు పంపుతుంది. ఇదే తెర మీదికి సీలింగుకి బిగించిన మామూలు ప్రొజెక్టర్‌తో బొమ్మ వేస్తే, ఆ వెలుగుని కూడా అది సీలింగు లైటుని మింగినట్టే మింగేస్తుంది. అంత డబ్బు పెట్టి మసకబొమ్మ చూడాల్సి వస్తుంది.

బిగించిన ఫ్రేము తెరా, చుట్టేసే తెరా అంటే, గోడని దానికే వదిలెయ్యగలిగితే కళ్ళు మూసుకుని ఫ్రేము తెర తీసుకోండి. గుడ్డ నాలుగు వైపులా బిగుతుగా ఉంటుంది, అంచుల్లోని నల్ల వెల్వెట్ కొంచెం పక్కకి పోయిన వెలుగుని కూడా పీల్చేసుకుంటుంది. చేత్తో లాగే తెర గోడని మిగులుస్తుంది గానీ, కొన్నాళ్ళకి రెండు అంచులూ లోపలికి ముడుచుకుంటాయి, మధ్యలో ‘వి’ ఆకారంలో అలలు లేస్తాయి. ముఖాలు చూపించేటప్పుడు అవి అంతగా తెలియవు. కెమెరా అడ్డంగా కదిలినప్పుడు గుమ్మాలు, స్తంభాలు వంగి నిటారై మళ్ళీ వంగుతాయి. ఒకసారి కంటపడ్డాక దాన్ని చూడకుండా ఉండలేం. చుట్టేసే తెరే కావాలంటే రెండు పక్కలా తాళ్ళతో గుడ్డని బిగించి ఉంచే ట్యాబ్ టెన్షన్ రకం తీసుకోండి. అల్ట్రా షార్ట్ త్రో ప్రొజెక్టర్‌కైతే మామూలు లాగుడు తెర అసలు వద్దు. కింది నుంచి ఏటవాలుగా వచ్చే వెలుగులో చిన్న ముడత కూడా పెద్ద అలలా కనిపిస్తుంది.

ఇప్పుడు ప్రొజెక్టర్ కొనండి. ప్రొజెక్టర్ వివరాల్లో త్రో రేషియో అనే అంకె ఉంటుంది, దాన్ని తెర వెడల్పుతో గుణిస్తే లెన్సుకీ తెరకీ మధ్య ఉండాల్సిన దూరం వస్తుంది. 90 అంగుళాల తెర వెడల్పు సుమారు 78 అంగుళాలు. రేషియో 1.3 అయితే 102 అంగుళాలు, ఎనిమిదిన్నర అడుగులు. దానికి ప్రొజెక్టర్ పొడవు, వెనక వైర్లకీ గాలికీ కావలసిన ఖాళీ కలుపుకుంటే 10 అడుగుల గదిలో బొటాబొటిగా సరిపోతుంది. తెర సైజు ముందే తేల్చుకున్నవాళ్ళకి ఈ లెక్క నిమిషంలో పని.

తగిలించేముందు ఒకటి రెండు రోజులు బొమ్మని ఉత్త గోడ మీదే వేసుకుని చూడండి. అంచులకి మాస్కింగ్ టేపు అంటించి, ఒక సినిమా పూర్తిగా చూడండి. మెడ నొప్పి పుడుతోందంటే తెర ఎత్తుగా ఉందన్నమాట. టీవీలనీ తెరలనీ దేవుడి పటంలా పైన పెట్టే అలవాటు మనవాళ్ళలో ఎక్కువ. కూర్చున్నప్పుడు కళ్ళు నేల నుంచి సుమారు 40 అంగుళాల ఎత్తులో ఉంటాయి. ఆ గీత బొమ్మలో కిందివైపు మూడోవంతు దగ్గరికి రావాలి. 90 అంగుళాల తెరకైతే బొమ్మ కింది అంచు నేలకి సుమారు 25 అంగుళాల ఎత్తులో ఉంటే సరిపోతుంది. 8 అడుగుల సీలింగుకి చుట్టేసే తెర పెట్టేవాళ్ళు, బొమ్మకి పైన నల్ల గుడ్డ ఎంత దిగుతుందో కొనకముందే అడగాలి. అది కొన్ని అంగుళాలే అయితే పెట్టెని గొలుసులతో కిందికి దించాలి, లేదా గోడకి బ్రాకెట్లు వేసుకోవాలి.

ఇటుక గోడకైనా కాంక్రీటు గోడకైనా డ్రిల్లు, ప్లగ్గు, స్క్రూ చాలు. జిప్సమ్ బోర్డు గోడతోనే జాగ్రత్త. లాగుడు తెర తన బరువుతో పాటు మన చేతి గుంజుడుని కూడా రోజూ మొయ్యాలి, కాబట్టి స్క్రూ బోర్డు వెనక నిలువుగా ఉండే ఫ్రేము పట్టీలోకి, అంటే స్టడ్‌లోకి దిగి తీరాలి. చిన్న అయస్కాంతం గోడ మీద మెల్లగా జరుపుతూ పోతే బోర్డుని స్టడ్‌కి బిగించిన స్క్రూల దగ్గర టక్కున పట్టుకుంటుంది. తెర కొక్కేల మధ్య దూరం స్టడ్‌ల దూరంతో కలవకపోతే, రెండు మూడు స్టడ్‌లని కలుపుతూ ఒక చెక్కపట్టీ బిగించి, గోడ రంగే వేసి, తెరని దానికి తగిలించండి. ఈ పనికి ఇద్దరుండాలి. ఒకరు పట్టుకుని, మరొకరు రసమట్టం పెట్టి చూడాలి.

తెర బిగించాకే ప్రొజెక్టర్‌ని చివరిగా సర్దండి. వంకరగా పడ్డ బొమ్మని ప్రొజెక్టరే సరిచేసే కీస్టోన్ సెట్టింగుని పూర్తిగా ఆపేసి, ప్రొజెక్టర్‌ని జరిపి, లెన్స్ షిఫ్ట్ (ప్రొజెక్టర్‌ని కదపకుండా బొమ్మని జరిపే సదుపాయం) ఉంటే దాన్ని వాడి అంచులు కలపండి. కీస్టోన్‌తో సరిచేసిన బొమ్మలో కొన్ని పిక్సెళ్ళు వృథా అవుతాయి, పదును తగ్గుతుంది. కొత్త వినైల్ తెర మీద ముడతలు కనిపిస్తే కంగారుపడి ఇస్త్రీపెట్టె తియ్యకండి. ఒకట్రెండు రోజులు పూర్తిగా దించి ఉంచితే గుడ్డ బరువుకి చాలావరకు అవే సాగిపోతాయి.