టైప్ 1 ఉన్న పిల్ల లావైతే అన్నం జోలికెళ్లే ముందు ఇన్సులిన్ లెక్క చూడండి

పెళ్లిళ్లు మొదలైతే బెజవాడ, గుంటూరు ఫంక్షన్ హాళ్లలో టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాక బయటి నుంచి సూదితో వేసుకోవాల్సిన రకం) ఉన్న పిల్లలకు తప్పని మాట ఒకటుంది. "ఏమ్మా, ఇన్సులిన్ మొదలెట్టాక ఇంత లావయ్యావు? అన్నం మానెయ్యకూడదూ?" దయచేసి ఈ మాట అనకండి. పదిహేనేళ్ల పిల్ల దాన్ని మనసులో పెట్టుకుని చాటుగా సూది మానేస్తే బరువు నిజంగానే తగ్గుతుంది. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే మూత్రంలోకి పోతుంది, వెంట నీళ్లూ పోతాయి, కండ కరుగుతుంది. ఇన్సులిన్ లేక కొవ్వు కరిగితే పుట్టే కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలయ్యాయంటే అప్పటికప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. ప్రాణం మీదికొచ్చే సంగతి ఇది.

ఇన్సులిన్ రాకముందు ఈ జబ్బుకు పస్తులే వైద్యం. 1922 జనవరిలో టొరంటోలో మొదటి ఇన్సులిన్ సూది వేయించుకున్న లెనార్డ్ థాంప్సన్‌కు పద్నాలుగేళ్లు, బరువు 30 కిలోలు కూడా లేదు. అన్నం మానెయ్యమనే సలహా ఆ రోజుల నాటిది.

ఇన్సులిన్ మొదలెట్టిన కొత్తలో పెరిగేది చాలావరకు జబ్బుతో పోయిన బరువే. దాన్ని చూసి కంగారు పడొద్దు. ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటే నా అనుమానం ముందు షుగర్ డౌన్‌ల మీదికి, అంటే షుగర్ మరీ పడిపోవడం మీదికి పోతుంది. 70 కంటే తగ్గితే కావలసింది 15 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వడం. పావుగంట ఆగి మళ్లీ చూడాలి, ఇంకా తక్కువుంటే అంతే మళ్లీ ఇవ్వాలి. ఇళ్లలో జరిగేది వేరు. భయంతో పంచదార నీళ్లు, మీద సగం బిస్కెట్ ప్యాకెట్, ఆపైన గ్లాసు పాలు. చాక్లెట్ పెడితే అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది, ఇంకా ఎక్కలేదని ఇంకొకటి పెడతారు. రెండు గంటలకు 300. దాన్ని దించడానికో కరెక్షన్ డోసు ఇన్సులిన్, మళ్లీ డౌన్. ఒక్కోసారి 300 కేలరీలు అదనంగా పోయినా, వారానికి అయిదు డౌన్‌లంటే 1500.

డౌన్ అవుతుందని రోజూ పడుకోబోయే ముందు పాలు, అరటిపండు పెట్టాల్సి వస్తోందంటే ఇన్సులిన్ కోసం పిల్లకు తిండి పెడుతున్నారన్నమాట. రెండు మూడు రాత్రులు మూడు గంటలకు లేచి షుగర్ చూసి రాయండి. పడుకునేటప్పుడు 130 ఉన్నది అప్పటికి 70కి దిగుతుంటే లాంగ్ యాక్టింగ్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) డోసు ఎక్కువైందేమో డాక్టర్ని అడగండి. రోజుకు రెండుసార్లు మిక్స్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపింది) వేసుకునే పిల్లలకు ఆకలున్నా లేకున్నా పదకొండింటికి తినక తప్పదు. హాస్టల్లో స్టడీ అవర్ మధ్యలో అది కుదరదు కూడా. భోజనానికో సూది, రోజుకో లాంగ్ యాక్టింగ్ పద్ధతికి మారొచ్చేమో అడగండి.

ఇక అన్నం. ఇరవై నాలుగు గంటల్లో ఇన్సులిన్ మొత్తం 40 యూనిట్లు పడుతుంటే 500ను 40తో భాగించండి. సుమారు 12 గ్రాముల కార్బ్స్‌కు (పిండిపదార్థాలకు) ఒక యూనిట్. ఇది మొదటి అంచనా మాత్రమే, డాక్టరుతో సరిచూసుకోవాలి. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి. వంటింట్లోకి ఒక చిన్న కాటా కొని మీ గరిటెకు ఎంత అన్నం వస్తుందో ఒకసారి తూచుకుంటే చాలు. అన్నం కాస్త తగ్గిస్తే ఆ లెక్కన యూనిట్లూ తగ్గాలి. పాత డోసే వేస్తే మళ్లీ డౌన్, మళ్లీ బిస్కెట్లు.

అన్నం మానేసి నెయ్యి కారం ఇడ్లీ, వేరుశనగలు, వేపుళ్లతో కడుపు నింపేవాళ్లూ ఉన్నారు. నెయ్యి షుగర్ మీటర్లో కనపడదు, కాటా మీద కనపడుతుంది. చెంచాడు నెయ్యి వెయ్యండి, ఇడ్లీలో గుంట తీసి పొయ్యకండి. బిర్యానీ, పునుగులు తిన్నరోజు, తిన్న రెండు గంటలకు షుగర్ బాగానే ఉండి నాలుగైదు గంటలకు ఎక్కుతుంది, అప్పుడూ ఒకసారి చూడండి.

ఆటకు ముందు తినిపించడం కన్నా అంతకుముందు భోజనం డోసు ఎంత తగ్గించాలో డాక్టర్ని అడిగి పెట్టుకోవడం మేలు. థైరాయిడ్ పరీక్ష కూడా అడగండి, టైప్ 1 పిల్లల్లో ఆ ఇబ్బంది మామూలే.

డాక్టరు దగ్గరికి వారం రోజుల నోటుపుస్తకం పట్టుకెళ్లండి: టైము, షుగర్, యూనిట్లు, తిన్నది, డౌన్ అయినప్పుడు ఇచ్చింది. అది చూపించాక అమ్మానాన్నలు పది నిమిషాలు బయట కూర్చోండి. సూది మానేస్తోందో లేదో పిల్ల మీ ఎదుట చెప్పదు.