రోజుకు ఐదు పెసోల తెల్లదనం

ఫిలిప్పీన్స్ ప్రభుత్వాసుపత్రి నర్సు జీతం చీటీని అడుగు నుంచి పైకి చదవాలి. పైనుంచి మొదలుపెడితే మూల వేతనం దగ్గరే కళ్లు చెదిరి, అసలు రత్నం కంటపడదు. ఆ రత్నం కింది వరుసల్లో ఒద్దికగా కూర్చుని ఉంటుంది: లాండ్రీ అలవెన్స్, 150 పెసోలు. రోజుకు కాదు, యూనిఫాంకు కాదు, నెలకు. పెసో అంటే మన రూపాయిన్నర అటూ ఇటూ కనుక, సుమారు 225 రూపాయలు. ఆ దేశంలో వైద్య సిబ్బంది జీతాల మీద ఊరేగింపులు జరిగాయి, చట్టాలు వచ్చాయి, సుప్రీంకోర్టు తీర్పులు వెలువడ్డాయి. ఈ 150కి దక్కాల్సిన గౌరవం మాత్రం ఇంతవరకు దక్కలేదు.

దీనికి వంశం ఉంది, చరిత్ర ఉంది. 1992లో 'ప్రభుత్వ ఆరోగ్య ఉద్యోగుల మాగ్నా కార్టా' అనే గొప్ప పేరుతో రిపబ్లిక్ యాక్ట్ 7305 వచ్చింది. యూనిఫాం వేసుకోవాల్సిన ప్రతి ఉద్యోగికీ బట్టలు ఉతికించుకోవడానికి నెలకు 125 పెసోలు ఇవ్వాలని అందులోని 24వ సెక్షన్ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది: ఆరోగ్య శాఖ కార్యదర్శి ఈ రేటును ఎప్పటికప్పుడు సమీక్షించి తగినట్టు పెంచుతూ ఉండాలి. చట్టమంటే చట్టమే కదా, సమీక్షించారు. అమలు నిబంధనలు సవరించినప్పుడు 125 కాస్తా 150 అయింది. ఆ పాతిక పెసోల ఎత్తు ఎక్కేసరికి సమీక్షకు ఆయాసం వచ్చి, అక్కడే చతికిలబడింది.

అదే దేశపు పన్నుల శాఖది ఇంకో లెక్క. యజమాని ఇచ్చే లాండ్రీ భత్యం నెలకు 300 దాటనంతవరకు అది పన్ను వేసేంత సొమ్మే కాదని, చిల్లర కింద వదిలేయమని ఆ శాఖ 2025 దాకా నిబంధన పెట్టుకుంది. పన్నులవాళ్లు చిల్లర అన్నదాంట్లో సగం ఇచ్చి, ఆరోగ్య శాఖ దానికి హక్కు అని పేరు పెట్టింది.

సరే, 150తో ఉతుకుదాం. నెలకు 22 డ్యూటీలంటే 22 జతలు. జతకు 6 పెసోల 82 సెంటిమోలు. రక్తం మరకను ముందు చన్నీళ్లలో నానబెట్టాలి. వేణ్నీళ్లు పోస్తే రక్తంలోని ప్రొటీను గడ్డకట్టి గుడ్డకు శాశ్వతంగా అతుక్కుంటుంది. మరక వదిలాక క్రిముల సంగతి. ఆసుపత్రి గుడ్డలను వేడినీటితో శుద్ధి చేయాలంటే 71 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నిమిషాలు ఉంచాలన్నది వైద్యలోకంలో వాడుకలో ఉన్న ప్రమాణం. మనీలా అద్దె గదుల్లో అంత వేడి నీళ్లు కుళాయిలో రావు కనుక జోన్‌రాక్స్ లాంటి బ్లీచింగ్ ద్రావణమే దిక్కు. అది రంగు స్క్రబ్స్‌ను వెలిసిపోయేలా చేస్తుంది, కొత్త జత కొనాల్సి వస్తుంది. ఇంట్లో పిల్లల బట్టలతో కలపకూడదు కనుక వేరే లోడు. వీధి చివర లాండ్రీ షాపుకు వేస్తే ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టే ఒక్క లోడుకే నెల భత్యం ఇంచుమించు హరీమంటుంది. మిగతా మూడు వారాలు దేశభక్తితో ఉతుక్కోవాలి.

చట్టం చెప్పిన ఆ 'ఎప్పటికప్పుడు సమీక్ష' సమావేశం ఎలా నడిచి ఉంటుందో ఊహించుకోవడానికి భత్యం అక్కర్లేదు. ఏసీ గది. బల్ల చుట్టూ ఇస్త్రీ మడత నలగని పన్నెండు చొక్కాలు. మొదటి అంశం, మరక నిర్వచనం. మరకలు రెండు రకాలంటాడు బడ్జెట్ శాఖాయన: విధి నిర్వహణలో పడ్డవి, మధ్యాహ్న భోజనంలో పడ్డవి. రెండో రకానికి ఖజానా బాధ్యత వహించదు. వైద్యాధికారి ఒకాయన గొంతు సవరించుకుని, నర్సుకు భోజనం చేసే తీరికే ఉండదు కనుక రెండో రకం మరకలు దాదాపు లేవని మనవి చేస్తాడు. అది మినిట్స్‌లోకి ఎక్కుతుంది, పొదుపు అనే శీర్షిక కింద.

రెండో అంశం, క్యాలెండర్. 31 రోజుల నెలలో రోజుకు 4 పెసోల 84 సెంటిమోలు పడుతుంటే, 28 రోజుల ఫిబ్రవరిలో 5 పెసోల 36 పడుతోందని ఆడిటరు పట్టేస్తాడు. అంటే ఫిబ్రవరిలో సిబ్బంది అవసరానికి మించి శుభ్రంగా ఉంటున్నారు. ఈ దుబారాకు బాధ్యులెవరు? మూడో అంశం, వాంతి. రోగి వాంతి నర్సు మీద పడితే ఆ లోడు ఖర్చు రోగి బీమా నుంచి రాబట్టవచ్చా, లేక వాంతి పడ్డ క్షణం నుంచి అది నర్సు వ్యక్తిగత ఆస్తి అవుతుందా? న్యాయ సలహాదారు గడువు కోరతాడు. నాలుగో అంశంలో ఒక మేధావి లేస్తాడు. తెలుపు తీసేసి ముదురు గోధుమరంగు యూనిఫాం ఇద్దాం. అయోడిన్ మరక కనబడదు. కనబడని మరకను ఉతకనక్కర్లేదు. ఉతకనక్కర్లేనప్పుడు భత్యమే అక్కర్లేదు. చప్పట్లు. విషయం లోతైనది కనుక ఉపసంఘం వేస్తారు. ఇంతలో మెరియెండా వస్తుంది. ఆ సాయంత్రపు ఫలహారాల బిల్లు ఒక నర్సు ఏడాది లాండ్రీ భత్యాన్ని, అంటే 1,800 పెసోలను, దాటిందని గమనించే తీరిక నోట్లో పదార్థం ఉన్నవాళ్లకు ఎక్కడిది?

ఇదే చట్టంలో తిండి భత్యం కూడా ఉంది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు అందుబాటులో ఉండాల్సిన ఉద్యోగికి మూడు పూటల భోజనం ఖరీదు, 'ప్రస్తుత పరిస్థితులను బట్టి' లెక్కగట్టి ఇవ్వాలని 22వ సెక్షన్. లెక్కగడితే రోజుకు 50 తేలింది. పూటకు 16 పెసోల 67. అక్కడి చిన్న బస్సు జీప్నీ కనీస ఛార్జీ 2023 అక్టోబరులో 13 అయింది. అంటే పనికి ఎక్కిన జీప్నీ దిగేసరికి ఒక పూట భోజనం అయిపోయినట్టే. 2025లో సైనికుల రోజు తిండి భత్యాన్ని 150 నుంచి 350కి పెంచారు. పెంచాల్సిందే, తుపాకి బరువు. మంచం మీంచి కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఏడోవంతు బరువే కాబోలు.

అసలు జీతం ఊసెత్తరేం అంటారా? ఎత్తుదాం. 2002 నర్సింగ్ చట్టం, రిపబ్లిక్ యాక్ట్ 9173, 32వ సెక్షన్: ప్రభుత్వ నర్సు మూల వేతనం సాలరీ గ్రేడ్ 15కి తగ్గరాదు. తగ్గరాదంటే తగ్గరాదనే అర్థం కదా. 2009లో కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, ఉమ్మడి తీర్మానంతో జీతాల పట్టికను సవరించి, ప్రవేశ స్థాయి నర్సును గ్రేడ్ 11లో కూర్చోబెట్టింది. కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 2019లో కోర్టు, ఆ 32వ సెక్షన్ బతికే ఉందని, తీర్మానంతో చట్టాన్ని చంపలేరని చెప్పింది. వెంటనే, డబ్బు కేటాయించమని కాంగ్రెస్‌ను మాత్రం మేం శాసించలేమనీ చెప్పింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, ఇక్కడ దేవుడే పూజారి కిటికీ చూపించి తప్పుకున్నాడు. ఆ ఏడాది గ్రేడ్ 11 అంటే 20,754 పెసోలు, గ్రేడ్ 15 అంటే 30,531. తేడా నెలకు 9,777. నర్సు ఆ తేడాను చట్టబద్ధంగా పోగొట్టుకుంటూనే వచ్చింది.

2020లో మహమ్మారి గుమ్మంలోకి వచ్చాక గ్రేడ్ 15 ఇచ్చారు. ఇచ్చిన చేత్తోనే ఇంకో పని చేశారు. అప్పటికే గ్రేడ్ 15లో ఉన్న 'నర్స్ 2'లను కొత్త పట్టికలో 'నర్స్ 1' చేశారు. జీతం అదే, హోదా ఒక మెట్టు కిందికి. ఏళ్ల సర్వీసున్న ఆవిడ, నిన్న చేరిన పిల్ల ఒకటే వరుస. గోల లేచాక దాన్ని సర్దాల్సి వచ్చింది.

2025 పట్టిక ప్రకారం గ్రేడ్ 15 మొదటి మెట్టు 40,208. పింఛను నిధి జీఎస్ఐఎస్‌కు 9 శాతం, ఫిల్‌హెల్త్ బీమాకు రెండున్నర శాతం, గృహ నిధి పాగ్-ఇబిగ్‌కు 200, కలిపి 4,824 పోతుంది. ఆపైన ఆదాయపు పన్ను. ప్రమాద భత్యం ఒకటి కాస్త ఆదుకుంటుంది. గ్రేడ్ 19, ఆ కింద ఉన్నవాళ్లకు మూల వేతనంలో కనీసం 25 శాతం, గ్రేడ్ 20, ఆపైన 5 శాతం. నర్సుకు 10,052. అదే మంచం దగ్గర నిలబడ్డ గ్రేడ్ 21 వైద్యుడికి, 70,013 మీద, 3,501. క్షయ క్రిమి ముందు గ్రేడు కనుక్కుని గాని ఊపిరితిత్తుల్లోకి దిగదన్న నమ్మకం మీద ఈ సూత్రం నిలబడి ఉంది.

ఇదంతా అదృష్టవంతుల కథ, అంటే జాతీయ ప్రభుత్వపు రెగ్యులర్ పోస్టు దొరికినవాళ్లది. 1991 స్థానిక ప్రభుత్వాల చట్టంతో గ్రామీణ ఆరోగ్యం మునిసిపాలిటీల చేతికి వెళ్లింది. జీతాల చట్టం ఆదాయంలో అట్టడుగునున్న ఆరో తరగతి మునిసిపాలిటీకి జాతీయ పట్టికలో 65 శాతమే ఇచ్చే వీలు కల్పించింది. ఊరు ఎంత పేదదైతే నర్సు అంత చవక. భత్యాలు 'నిధుల లభ్యతకు లోబడి'. ఇక జాబ్ ఆర్డర్ మీద, అంటే తాత్కాలిక ఒప్పందం మీద, పనిచేసే నర్సుకు ఆ లోబడే బాధ కూడా లేదు. కాగితం మీద ఆమె ఉద్యోగే కాదు. జీఎస్ఐఎస్ లేదు, సెలవు లేదు, లాండ్రీ లేదు.

ప్రైవేటు ఆసుపత్రికి గ్రేడ్ 15 వర్తించదు. అక్కడ కనీస వేతనమే రక్ష. 2025 జూలైలో మెట్రో మనీలాలో దాన్ని రోజుకు 695 చేశారు. 26 రోజులకు 18,070. నాలుగేళ్ల డిగ్రీ, బోర్డు పరీక్ష, లైసెన్సు ఉన్న మనిషిని చట్టం ఆపగలిగే చోటు అది. చాలా ఏళ్లపాటు మనీలా వేతన ఉత్తర్వుల్లో 100 పడకలు దాటని ప్రైవేటు ఆసుపత్రులను పొలాలు, చిన్న దుకాణాల సరసన తక్కువ రేటు వరుసలో పెట్టారు.

అదీ నయం. కనీసం డబ్బు ఆసుపత్రి నుంచి నర్సు వైపు ప్రయాణించింది. విదేశీ ఉద్యోగానికి ఆసుపత్రి అనుభవం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. చదువు ముగించినవాళ్లు లక్షల్లో, పోస్టులు గుప్పెడు. దాంతో ఆసుపత్రులకు ఒక వెలుగు తట్టింది. 'వాలంటీర్ నర్సు' అని పేరు పెట్టి, శిక్షణ రుసుము కట్టించుకుని, పూర్తి షిఫ్టు పని చేయించుకున్నారు. పనిచేసే మనిషే ఎదురు డబ్బు కట్టింది! ఈ పద్ధతి ఆపాలని ఆరోగ్య శాఖ చెప్పింది 2011లో. అదే ఏడాది ప్రభుత్వం తెచ్చిన ఆర్ఎన్ హీల్స్ పథకంలో నెలకు 8,000, అదీ జీతం కాదు, స్టైపెండ్. 2004లో వైద్య బోర్డు పరీక్షలో దేశానికే మొదటి ర్యాంకు వచ్చిన డాక్టరు, తాను అమెరికాలో నర్సుగా చేరబోతున్నానని చెబితే దేశం ముక్కున వేలేసుకుంది. వేలు తీసి జీతం చీటీ చూసి ఉంటే సరిపోయేది. మన తెలుగు తల్లిదండ్రులు పొలం అమ్మి పిల్లల్ని డవావోకు డాక్టరీకి పంపుతుంటారు. ఆ పిల్లలు విమానం దిగే వేళకు అక్కడి డాక్టర్లు, నర్సులు విమానం ఎక్కుతుంటారు. బ్రిటన్ ప్రభుత్వాసుపత్రుల్లో కొత్త నర్సుకు 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్లు.

వెళ్తామంటే ప్రభుత్వానికి కోపం. 2020 ఏప్రిల్‌లో నర్సుల విదేశీ ప్రయాణాన్ని ఆపేసింది, నవంబరులో ఏడాదికి 5,000 మందే అని కోటా పెట్టింది. దేశానికి మీరు కావాలి అన్నారు. కావలసినవాళ్లకు కట్టిన వెల ఎంత? మార్చి చివర్లో కరోనా వార్డులకు వాలంటీర్లు కావాలని ఆరోగ్య శాఖ పిలిచి, రోజుకు 500 పెసోలు ఇస్తామంది. ఊపిరాడని మనుషుల మధ్య నిలబడటానికి 500! అదే మార్చిలో చేసిన బయానిహాన్ అనే కరోనా చట్టంలో, వైరస్ సోకి చనిపోయిన ఆరోగ్య ఉద్యోగి కుటుంబానికి 10 లక్షలు, తీవ్రంగా జబ్బుపడితే లక్ష అని రాశారు. జూన్ మొదలయ్యేసరికి 32 మంది చనిపోయారు. అందిన చెక్కులు సున్నా. ఎందుకంటే అమలు నిబంధనలు రాయలేదు. చట్టం ఉంది, డబ్బు ఉంది, శవాలు ఉన్నాయి, రెండు పేజీల కాగితం లేదు! ఇందులో హాస్యం వెతకడం నా వల్ల కాదు. ఆ కాగితం రాయాల్సినవాళ్లలో ఒక్కరి జీతం కూడా ఆ రెండు నెలల్లో ఒక్క రోజు ఆలస్యమై ఉండదు.

2021 ఫిబ్రవరిలో ఇంకా ముందుకెళ్లారు. మాకు వ్యాక్సిన్లు ఇస్తే మీకు నర్సుల కోటా సడలిస్తామని కార్మిక శాఖ అధికారిణి బ్రిటన్, జర్మనీల ముందు బేరం పెట్టింది. సంతలో పశువును అమ్మేవాడైనా దానికి ముందు గడ్డి వేస్తాడు. బ్రిటన్ వద్దంది. 'నవ వీరులు' అని బిరుదిచ్చి, వీరుల్ని సీసాలకు మార్చుకోబోయిన ప్రభుత్వం సిగ్గుపడిన దాఖలా లేదు.

తర్వాత 2022 ఏప్రిల్‌లో రిపబ్లిక్ యాక్ట్ 11712 వచ్చింది. ప్రమాదాన్ని బట్టి నెలకు 3,000, 6,000, 9,000 పెసోల అత్యవసర భత్యం, 2021 జూలై నుంచి లెక్కగట్టి ఇవ్వాలి. 2023 జూలైలో అత్యవసర పరిస్థితిని ఎత్తేశారు. బకాయిలు మాత్రం ఎత్తలేదు. 2024 జూలైలో బడ్జెట్ శాఖ చివరికి సుమారు 2,745 కోట్ల పెసోలు విడుదల చేసింది, ఘనంగా ప్రకటించుకుంది. ఆ డబ్బు ఎక్కడిది? ఫిల్‌హెల్త్ దగ్గర 8,990 కోట్లు 'అదనంగా' మూలుగుతున్నాయని తేల్చిన ఆర్థిక శాఖ, అందులో 6,000 కోట్లు ఖజానాకు లాగేసింది. అందులోంచే నర్సుల బకాయిలు తీర్చామని అదే శాఖ సమర్థించుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం. రోగి మంచాన పడితే బిల్లు కట్టడానికి దాచిన బీమా డబ్బు తీసి, ఆ రోగికి సేవ చేసిన నర్సుకు ఎప్పుడో ఇవ్వాల్సిన బాకీ తీర్చారన్నమాట. ఆ బీమాకు నర్సు కూడా నెలనెలా రెండున్నర శాతం కడుతుంది కనుక, తన బకాయిలో కొంత తానే తీర్చుకుంది. మిగిలిన దాని బదిలీని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఆపింది. 2025 డిసెంబరులో ఆ 6,000 కోట్లూ ఫిల్‌హెల్త్‌కు తిరిగి కట్టమంది.