క్యాసిల్‌లో ఫ్లాట్లు అమ్మబడును

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన లేస్తున్న అపార్ట్‌మెంట్లకు పేర్లు పెట్టేవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం. చెరువు పూడ్చిన చోట ‘లేక్ వ్యూ’, తోట నరికిన చోట ‘గ్రీన్ వ్యాలీ’ అని పెట్టాలంటే గుండె ధైర్యం కావాలి. ఇప్పుడు ఆ ధైర్యం ముదిరి ‘క్యాసిల్’ దాకా వచ్చింది. బ్రోచర్ మీద బురుజులు, జెండాలు, ఓ తెల్ల గుర్రం. లోపల 1,250 చదరపు అడుగుల టూ బీహెచ్‌కే. అట్ట మీద ఓ ఇంగ్లీషు సామెత కూడా: ఎవరి ఇల్లు వాళ్లకు కోట.

జనం ఈ పేరు చూసి నవ్వుతున్నారు. నవ్వకండి. ఆ పేరు పెట్టినవాడు మహా పండితుడు.

లాటిన్‌లో ‘కాస్ట్రా’ అంటే రోమన్ సైన్యం దిగిన విడిది. పరాయి నేల మీదకు రావడం, చుట్టూ కందకం తవ్వడం, కంచె వేయడం, ఇక మాదే అనడం. మాంచెస్టర్, లాంకాస్టర్, గ్లోస్టర్ పేర్ల చివర నేటికీ వేలాడుతున్నది ఆ విడిదే. దానికి చిన్నది అనే అర్థం వచ్చే తోక తగిలిస్తే ‘కాస్టెల్లమ్’ అయింది, అదే మన క్యాసిల్. అంటే బుల్లి కోట. టూ బీహెచ్‌కేకి ఇంతకన్నా నిజాయితీ గల పేరు ఉందా?

ఇంకా ఉంది. ఈ మాట లాటిన్ బైబిల్ వెంట ఇంగ్లీషులోకి మొదట వచ్చినప్పుడు దాని అర్థం ఊరు. మామూలు పల్లెటూరు. 11వ శతాబ్దంలో నార్మన్లు ఇదే మాటను ఫ్రాన్స్ నుంచి మళ్లీ మోసుకొచ్చారు, ఈసారి బురుజులతో. ఊరు అన్న అర్థం పోయి, ఊరి నెత్తిన కూర్చున్నవాడి ఇల్లు అన్న అర్థం మిగిలింది. ఒక్క మాట లోపల ఇంత చక్కగా భూసేకరణ జరగడం నేనింకెక్కడా చూడలేదు.

ఆ నార్మన్ల దొర, ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం 1068లో లింకన్ పట్టణంలో కోట మొదలుపెట్టాడు, అదీ పాత రోమన్ విడిది ఉన్న చోటే. అప్పుడు మన మార్కెటింగ్ కుర్రాడు అక్కడ ఉండి ఉంటే సైట్ విజిట్ ఎలా నడిచేదో నా కళ్లకు కడుతోంది.

“సార్, గేటెడ్ కమ్యూనిటీ. కరెక్ట్‌గా మీరు నిలబడ్డ చోటే గోడ వస్తుంది.”

“నేను నిలబడింది మా వంటింట్లో బాబూ.”

“అదే సార్, ప్రైమ్ లొకేషన్. వాస్తు చూసుకోండి, ఈస్ట్ గేటూ ఉంది, వెస్ట్ గేటూ ఉంది.”

“ఆ మట్టి దిబ్బ ఏంటి?”

“దాని మీద దొరగారి టవర్, డోంజన్ అంటాం. వ్యూ అదిరిపోతుంది.”

“ఎవరికి?”

“దొరగారికి.”

“దిబ్బకి మట్టి ఎవరు మోస్తారు?”

“మీరే సార్. జిమ్ మీకు పూర్తిగా ఫ్రీ.”

“మరి మాకు ఉండటానికి?”

“డోంజన్‌లోనే ఇస్తాం సార్. కాకపోతే బాగా కింద ఫ్లోర్.”

కుర్రాడు అబద్ధం చెప్పలేదు. దొర అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచి పుట్టిన ఆ డోంజనే మెల్లగా మెట్లు దిగుతూ దిగుతూ, ఇంగ్లీషులో నేలమాళిగ చెరసాలకు పేరైంది, డంజన్ అని.

1086లో విలియం రాయించిన డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో కోట కోసం లింకన్‌లో పోయిన ఇళ్లు 166 అని ఉంది. నారిచ్‌లో 98, కేంబ్రిడ్జ్‌లో 27. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు ఎటు పోయారో రాయలేదు. ఎందుకు రాస్తారు? అది పన్నుల చిట్టా. మరుసటి ఏడు విలియం చచ్చిపోతే, ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ అనే ఆనాటి ఇంగ్లండ్ చరిత్ర పుస్తకం రాసిన సన్యాసి కోటలు కట్టించడాన్నీ బీదల్ని పీడించడాన్నీ కలిపి ఒకే వాక్యంలో పెట్టాడు. ఆయనకు అవి రెండు పనులుగా కనబడలేదు.

మనకు కనబడుతున్నాయా? నిన్నటిదాకా ఆ నేలలో జొన్న వేసిన ఇంటి ఆడమనిషి ఇవాళ అదే నేల మీద లేచిన పన్నెండో అంతస్తులో అంట్లు తోమడానికి వస్తే, ఆమెకు వేరే లిఫ్టు. పోయేటప్పుడు సంచీ విప్పి చూపించాలి. ఎండలో బిర్యానీ మోసుకొచ్చిన కుర్రాడు గేటు బయట నిలబడాలి. ఇవన్నీ అసోసియేషన్ మీటింగులో చదువుకున్నవాళ్లు చేతులెత్తి చేసిన తీర్మానాలు! సిగ్గులేదూ? విలియం కనీసం కత్తి పట్టుకుని వచ్చాడు. వీళ్లు వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టి చేస్తున్నారు.

పోనీ, అట్ట మీద సామెత సంగతి. ఎవరి ఇల్లు వాళ్లకు కోట అన్న మాటకు చట్టంలో పేరు తెచ్చింది 1604లో ఇంగ్లండ్‌లో వచ్చిన సెమేన్ కేసు. ఆ గొడవ దేని గురించో బ్రోచర్‌లో వేయలేదు. అప్పు గురించి! బాకీ ఉన్నవాడు చనిపోయాడు, సామాన్లు ఇంట్లో ఉన్నాయి, జప్తుకు షెరీఫ్ అనే అధికారి వస్తే ఆ ఇంట్లో ఉన్న రెండో ఆయన తలుపేసుకున్నాడు. ఇల్లు కోటే అంది కోర్టు. రాజుగారి పని మీదైతే మాత్రం ముందు సంగతి చెప్పి, అప్పటికీ తీయకపోతే ఆ కోట తలుపు పగలగొట్టవచ్చని కూడా అంది.

ఇరవై ఏళ్ల ఈఎంఐకి సంతకం పెట్టినవాళ్లకు రాజుగారు ఎవరో వేరే చెప్పాలా? ఖాతా మొండి బాకీ అయితే 2002 సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. ఆ తర్వాత తాళం వేయడానికి బ్యాంకు వాళ్లు వస్తారు. వాళ్లను సర్వీస్ లిఫ్టులో వెళ్లమనే మగాడు ఏ అసోసియేషన్‌లోనూ లేడు.